ఇరవై ఎనిమిది పుల్లలు

హోబార్ట్‌లో ఎటు తిరిగినా కొండ.
చెత్తబుట్ట బయట పెట్టడానికి తలుపు తీస్తే కొండ,
ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటే
ఆవిరి పట్టిన కిటికీలో కొండ.
నాలుగేళ్లు చూసీ చూసీ
మార్చిలో ఒక ఆదివారం
సైకిలు దానివైపు తిప్పాను.

ఫెర్న్ ట్రీ ఊరు దాటకముందే
వెనక చక్రం బ్రేకు రబ్బరుకి రాసుకుంటూ
చుట్టు చుట్టుకీ ఒకసారి
స్స్... స్స్... అని
నా మీద నాకే చాడీలు చెప్పింది.

బిస్కెట్ల డబ్బాలో నాలుగు వందల ఎనభై డాలర్లు.
పళ్ల డాక్టరు దయతలచి వదిలినవి.

కొట్టులో కార్బన్ చక్రాలు
నేరేడుపండు నలుపులో వేలాడుతున్నాయి.
గోటితో కొడితే ఎండిన సొరబుర్ర మోత.
జత పంతొమ్మిది వందలు.
నావాటికన్నా అయిదు వందల యాభై గ్రాములు తక్కువట.
లాండ్రీ స్లిప్పు వెనక లెక్క కట్టాను:
గ్రాము మూడున్నర డాలర్లు.
వెండికొట్టులో కూర్చున్నట్టే ఉంది.
నా సొంత డెబ్బై నాలుగు కిలోల మాట,
నిన్న రాత్రి పులిహోర మాట
ఆ కుర్రాడు మర్యాదకి ఎత్తలేదు.

వార్డులో పనిచేసే జిలియన్
తన నల్ల చక్రాలు ఒక పూటకి అరువిచ్చింది.
ఎక్కేటప్పుడు బాగుంది, అబద్ధమెందుకు.
చెట్లు అయిపోయి రాళ్లు మొదలయ్యే చోట
గాలి ఆ లోతైన రిమ్ముని
తెరిచిన తలుపుని తోసినట్టు తోసింది.
రోడ్డు మధ్యగీత అవతలికి పోయి
అరిచాను, తెలుగులోనే.
దిగేటప్పుడు బ్రేకులు పట్టీ పట్టీ
మాడిన అట్టు వాసన.
చక్రాలు తిరిగిచ్చేసేటప్పుడు జిలియన్ ముఖం చూడలేదు.

మూనాలో ఒక రేకుల షెడ్డు. గ్రేమ్.
టీ కప్పు నిండా పాత నిపుళ్లు.
నా చక్రం తిప్పి, కళ్లు మూసుకుని విని,
"అందరూ ఎక్కడానికి కొంటారు,
నువ్వు దిగడానికి కొనుక్కో" అన్నాడు.
హబ్బులు బాగానే ఉన్నాయి, ఉంచేద్దాం.
అల్యూమినియం రిమ్ములు, లోతు తక్కువవి, జత నూటతొంభై.
చక్రానికి ఇరవై ఎనిమిది పుల్లలు, రెంటికీ కలిపి అరవై నాలుగు.
తన చేతిపని నూటఇరవై.
చెప్పిన అంకె దగ్గరే నిలబడ్డాడు.
నేను బేరమాడాను, అలవాటు కొద్దీ.

శనివారం మధ్యాహ్నం వెళ్తే
స్టాండు మీద నా చక్రం, అంటించిన కాగితం మీద "వకుల".
ళ పలకదు అతనికి, పోనీ.
నులకమంచం బిగించేవాడిలా
ఒక్కొక్క పుల్లా లాగి వదిలి వింటున్నాడు.
"మా గూడూరులో దీన్ని బెండు తీయడం అంటారు" అన్నాను.
"బెండ్? అది మా మాట కదా!"
"ఎప్పుడో తీసుకున్నాం. తిరిగివ్వం."
నవ్వుతూ పావు మలుపు ఎక్కువ తిప్పాడు,
మళ్లీ వెనక్కి తిప్పుకున్నాడు.

మిగిలిన డబ్బుకి రెండు టైర్లు రావు.
ఒకటే కొన్నాను, డెబ్బై.
"కొత్తది ముందుకి" అన్నాడు, కారణం చెప్పలేదు,
అడగాల్సిన పని లేకపోయింది.
బ్రేకు రబ్బర్లు ఇరవై ఎనిమిది.
తూకం వేయమంటే
పాతవాటికన్నా ఎనభై గ్రాములు తగ్గాయి.
ఒక నిమ్మకాయ.

ఏప్రిల్. స్ప్రింగ్స్ దగ్గర గేటు వేసి ఉంది,
పైన మంచు పడిందట.
గేటు కమ్మీని చేత్తో తాకి,
చల్లటి చేతిని మెడకి ఆనించుకుని,
వెనక్కి తిరిగాను.
మొదటి మలుపు. రెండోది.
ఊరు, నది, వంతెన
చెట్ల సందుల్లో ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడంపక్క.
బ్రేకు పడితే చక్రం ఆగడం మొదలుపెట్టింది,
వదిలితే మానేసింది. అంతే.
చాడీలు లేవు.

వెనక టైరు మాత్రం పాతదే.
డబ్బాలో ఎనిమిది డాలర్లు.